ఫైనల్ ప్రాజెక్టుకి మాత్రల స్ట్రిప్ ఒక్కటే సరిపోతుందా?

కమ్యూనికేషన్ డిజైన్, చివరి సెమిస్టర్. ప్రాజెక్టుకి 14 వారాలు, టాపిక్ ఖాయం చేయడానికి ఇంకా 6 రోజులే ఉన్నాయి. మొదట ఆస్పత్రిలో దారి చూపే బోర్డులు అన్నాను. మరీ పెద్దదని గైడ్ కొట్టేశారు, నిజమే. తర్వాత అలవాట్లు గుర్తుచేసే యాప్ అనుకుంటే నాకే విసుగొచ్చింది.

ఇప్పుడు మాత్రల స్ట్రిప్ దగ్గర ఆగాను. ఎక్స్‌పైరీ తేదీ చాలావాటిలో ఒక అంచునే ఉంటుంది. ఆ వైపు నుంచి నాలుగు మాత్రలు కత్తిరిస్తే తేదీ కూడా వాటితోపాటే పోతుంది. మిగిలిన రేకు మీద లైటు పడితే చిన్నక్షరాలు కనబడవు. అరవై దాటిన ఐదుగురితో కూర్చున్నాను. ముగ్గురు స్ట్రిప్‌ని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి, చివరికి రంగు చూసి గుర్తుపట్టారు. ప్రతి మాత్ర వెనకా పేరు, తేదీ వచ్చేలా 3 నమూనాలు చేశాను. అక్షరాలు 5 పాయింట్లకి దిగిపోయాయి, కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఇది లేబుల్ దిద్దడమే, ప్రాజెక్ట్ కాదంటున్నారు గైడ్. డబ్బా, లోపలి కరపత్రం కూడా కలపమంటున్నారు. అప్పుడు ఇదీ బోర్డుల టాపిక్‌లాగే ఉబ్బిపోతుందని నా టెన్షన్.

ఇలాంటి ప్రాజెక్ట్ చేసినవాళ్లు, జ్యూరీలో కూర్చున్నవాళ్లు చెప్పండి: 14 వారాలూ స్ట్రిప్ ఒక్కటే పట్టుకుని లోతుగా వెళ్లనా, లేక డబ్బా, కరపత్రం కూడా కలపనా?