రాసిన ప్రణాళిక రాసినట్టే నడపాలా? పోటీకి ఐదు వారాలే ఉంది

రాత్రిషిఫ్టు74:

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఉంటాను, రాత్రి వేళ ఉద్యోగం. రెండేళ్లుగా పవర్‌లిఫ్టింగ్ సాధన చేస్తున్నాను కానీ ఇంతవరకు పోటీ మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు మొదటిసారి 74 కిలోల విభాగంలో పేరు ఇచ్చాను. మా కోచ్ 12 వారాల ప్రణాళిక రాసి ఇచ్చారు. ఏ రోజు ఎంత బరువు, ఎన్ని సెట్లు (విడతలు), సెట్టుకు ఎన్ని రెప్పులు (ఎత్తులు), అన్నీ అందులో ఉన్నాయి. పోటీలో ఉండే మూడు ఎత్తుల్లో నా గరిష్ఠ బరువులు స్క్వాట్ (బారు భుజాల మీద మోస్తూ గుంజీలా దిగి లేవడం) 160, బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం) 100, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి లేపడం) 190 కిలోలుగా తీసుకుని శాతాలు కట్టారు.

ఆరు వారాలు ఒక్క రెప్పు కూడా వదలకుండా చేశాను. ఏడో వారం సోమవారం స్క్వాట్ 135 కిలోలు, మూడేసి రెప్పుల చొప్పున నాలుగు సెట్లు. మూడో సెట్టు ఆఖరి రెప్పుకే నడుము వంగింది. నాలుగో సెట్టులో రెండో రెప్పుకు కూలబడ్డాను, ర్యాక్ అడ్డకడ్డీలు బారును ఆపాయి కాబట్టి దెబ్బ తగలలేదు. అంతకుముందు నాలుగు గంటలే నిద్ర. కోచ్‌తో చెబితే "గురువారం రాసింది రాసినట్టే చెయ్యి" అన్నారు. గురువారం 140 కిలోలు, రెండేసి రెప్పులు, ఐదు సెట్లు.

రాసినది అక్షరం పొల్లు పోకుండా చేయాలా? ఆనాటి ఒంటి తీరు చూసి బరువు తగ్గించుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతబెల్టు_గుంటూరు:

చేయాలి తమ్ముడూ. సందేహం వద్దు.

మేము 1990ల్లో పోటీలకు వెళ్లిన రోజుల్లో మా చేతిలో ఏ కాగితమూ లేదు. సాయంత్రం వ్యాయామశాలకు వెళితే పక్కవాడు ఎంత ఎత్తాడో అదే మా లెక్క. ఒళ్లు తేలికగా ఉన్న రోజున హద్దు దాటేవాళ్లం, బరువుగా ఉన్న రోజున బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. పోటీ వచ్చేసరికి ఒకరికి భుజం, ఒకరికి నడుము. ప్రణాళిక గొప్పతనం చెడ్డ రోజున చేయించడంలో కంటే మంచి రోజున ఆపడంలో ఎక్కువ ఉంది. ఆ మాట నాకు బోధపడేటప్పటికి నా పోటీ వయసు అయిపోయింది.

నీకు ఇచ్చిన లెక్క అడ్డగోలుగా వేసింది కాదు. సోవియట్ వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ప్రిలెపిన్, ఎందరో లిఫ్టర్ల శిక్షణ రికార్డులు చూసి ఒక పట్టిక తయారు చేశాడు. గరిష్ఠ బరువులో 80 నుంచి 90 శాతం మధ్య సెట్టుకు రెండు నుంచి నాలుగు రెప్పులు, మొత్తం మీద 10 నుంచి 20, అందులో 15 ఉత్తమం. నీ సోమవారం లెక్క 12, గురువారం లెక్క 10. రెండూ ఆ గీత లోపలే ఉన్నాయి. ఒక్క రోజు కూలబడ్డావని కాగితం మారిస్తే రేపు ఇంకో కారణం దొరుకుతుంది.

విశాఖతీరం:

గుంటూరు అన్నగారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ సలహాతో నేను ఏకీభవించను. నాలుగు గంటల నిద్రతో కూలబడిన మనిషిని మూడు రోజుల్లో ఇంకో అయిదు కిలోలు ఎక్కించి మళ్లీ బారు కిందకు పంపడం శిక్షణ అనిపించుకోదు.

నా సంగతి చెబుతాను. 2019లో నేను బోరిస్ షేకో పేరుతో అంతర్జాలంలో తిరుగుతున్న ప్రణాళిక ఒకటి దింపుకుని మొదలుపెట్టాను. ఒకే పూట స్క్వాట్, బెంచ్, మళ్లీ స్క్వాట్. మీరు చెప్పినట్టే అక్షరం పొల్లు పోకుండా చేశాను. తొమ్మిదో వారానికి తుంటి దగ్గర పట్టేసి కుర్చీలోంచి లేవలేని స్థితి వచ్చింది. ఆ పోటీ పోయింది. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ రష్యన్ కోచ్ తన శిష్యులకు ఎదురుగా నిలబడి చూస్తూ అంకెలు మార్చేవాడు. నేను దింపుకున్న కాగితంలో అంకెలు వచ్చాయి, ఆయన కన్ను రాలేదు.

అందుకే ఇప్పుడు నేను ఆర్‌పీఈ పద్ధతి, అంటే ఒంటికి ఎంత శ్రమ అనిపించిందో దానికి అంకె వేసే పద్ధతి, పాటిస్తున్నాను. శ్రమను అంకెలతో కొలవవచ్చన్నది స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఆలోచన. దాన్ని బార్‌బెల్‌కు సరిపడేలా మలిచి పవర్‌లిఫ్టింగ్‌లో ప్రచారం చేసినవాడు మైక్ టుషెరర్ అనే అమెరికన్ లిఫ్టర్. సెట్టు ముగిసినప్పుడు ఇంకా రెండు రెప్పులు మిగిలి ఉన్నాయనిపిస్తే ఎనిమిది, ఒకటే మిగిలితే తొమ్మిది, ఏమీ మిగలకపోతే పది. కోచ్ "135 కిలోలు" అని కాకుండా "మూడు రెప్పులు, ఎనిమిది" అని రాస్తే, నిద్ర చాలని రోజున అదే సెట్టు 125తో పూర్తవుతుంది. శ్రమ అంతే, ప్రమాదం తక్కువ.

పాతబెల్టు_గుంటూరు:

అమ్మా, నీకు ఏళ్ల అలవాటు ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా నీ ఒంటికి తెలుసు. ఒక్క పోటీ కూడా చూడని కుర్రాడికి తెలుస్తుందా? నా దగ్గరకు వచ్చే పిల్లలు సెట్టు దించి "ఇంక ఒక్కటి కూడా రాదు" అంటారు. అదే బరువు పెట్టి నలుగురం చుట్టూ నిలబడి కేకలు వేస్తే ఇంకో నాలుగు ఎత్తుతారు. దానికి తలకిందులుగా, ఎదుటివారు చూస్తున్నారని తొమ్మిదిన్నర సెట్టును ఏడు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. కొలబద్దే వంకర అయితే కొలత ఏం నిలుస్తుంది?

డల్లాస్_తెలుగు:

చిన్న ప్రశ్న. తమ్ముడి ఇప్పటి బరువు ఎంత? 74కు దిగాలంటే ఎంత తగ్గాలి? దానికోసం తిండి తగ్గించి ఉంటే, కూలబడటానికి అదీ కారణం కావచ్చు.

రాత్రిషిఫ్టు74:

ఉదయం 75.6 ఉన్నాను అన్నా. రెండు వారాలుగా రాత్రి అన్నం మానేశాను. చివరి రోజు నీళ్లు మానేసి తూకానికి దిగుదామని అనుకుంటున్నాను.

డల్లాస్_తెలుగు:

ఆ ఆలోచన వెంటనే వదులుకో. ఇక్కడ అమెరికాలో కొన్ని సమాఖ్యలు పోటీకి 24 గంటల ముందే తూకం వేస్తాయి. నీళ్లు మాని, ఆవిరి గదుల్లో కూర్చుని బరువు తగ్గేవాళ్లు రాత్రంతా తిని తాగి కోలుకుంటారు. నువ్వు చూసిన వీడియోలు అవే అయి ఉంటాయి. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమాల ప్రకారం తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది. ఎండిపోయిన ఒంటితో స్క్వాట్‌కు వెళతావు. మొదటి పోటీకి 83 కిలోల విభాగంలో నమోదు చేసుకుని కడుపునిండా తిను. ఎవరూ నిన్ను ఆ విభాగంలో ఓడిపోయావని లెక్క పెట్టరు.

మూడుదీపాలు:

నేను రాష్ట్ర స్థాయి పోటీల్లో రెఫరీగా కూర్చుంటాను. పైన అందరూ సోమవారం గురించి మాట్లాడుతున్నారు. నాకు 160 గురించి తెలుసుకోవాలని ఉంది.

తమ్ముడూ, ఆ 160 ఎప్పుడు ఎత్తావు? ఎవరు చూశారు? లోతు సరిపోయిందా? తొడ పైభాగం, తుంటి మడత పడే చోట, మోకాలి పైఅంచు కంటే కిందికి దిగాలి. సమానంగా వస్తే చాలదు, దిగాలి. పోటీల్లో నేను ఎర్రదీపం (ఎత్తు చెల్లదనే తీర్పు) వేసేది ఎక్కువగా దీనికే. వ్యాయామశాలలో 160 ఎత్తానని వచ్చిన కుర్రాళ్లు 140తో మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని కళ్లనీళ్లతో వెళ్లడం చూశాను. ఒక్క స్క్వాట్ కూడా చెల్లకపోతే మూడు ఎత్తుల కూడిక అనే మొత్తమే ఉండదు, ఆ తర్వాత డెడ్‌లిఫ్ట్ ఎంత ఎత్తినా స్థానం రాదు.

ఇంకో మాట. పోటీలో బారు 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు చెరి రెండున్నర. ప్లేటు వేయకముందే 25. మీ దగ్గర కాలర్లు లెక్కలోకి వస్తున్నాయా? ప్లేట్లు ఎప్పుడైనా తూచి చూశారా? ఆ 160 వీడియో ఉంటే పక్కనుంచి, తుంటి ఎత్తులో తీసినది చూడు.

రాత్రిషిఫ్టు74:

అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను. రెండు రోజులు పట్టింది, క్షమించండి.

160 వీడియో దొరికింది. ఎదురుగా తీసింది కాబట్టి లోతు తేలలేదు. 155ది పక్కనుంచి తీసింది ఉంది. నాలుగైదు సార్లు ఆపి ఆపి చూశాను. తుంటి మోకాలి కంటే పైనే ఆగింది. 150ది మాత్రం నిస్సందేహంగా దిగింది. తర్వాత సామాన్లు తూచే త్రాసు తెచ్చి మా ప్లేట్లు తూచాను. 20 అని అచ్చువేసిన వాటిలో ఒకటి 19.2 ఉంది, ఒకటి 20.6.

మూడుదీపాలు:

అయితే నీ అసలు గరిష్ఠం 150 అనుకో. ఇప్పుడు సోమవారం బరువు మళ్లీ లెక్క కట్టు. 135 అంటే 160లో సుమారు 85 శాతం, 150లో సరిగ్గా 90 శాతం. గుంటూరు అన్నగారు చెప్పిన అదే ప్రిలెపిన్ పట్టికలో 90 దాటితే సెట్టుకు ఒకటి రెండు రెప్పులే, మొత్తం నాలుగు నుంచి పది. ఆ అంచున నిలబడి నువ్వు మూడేసి చొప్పున 12 చేయబోయావు. గురువారానికి రాసిన 140 అయితే 93 శాతం దాటుతుంది. ఆరు వారాలు నెట్టుకొచ్చావంటే నీ పట్టుదలకు నిజంగా మెచ్చుకోవాలి. తప్పు నీ ఒంటిదీ కాదు, ప్రణాళికదీ కాదు. పునాదిలో వేసిన అంకెది.

విశాఖతీరం:

ఇదే నేను చెప్పదలచుకున్నది, మీరు ఇంకా స్పష్టంగా చెప్పారు. శాతం అనేది ఒకానొక రోజు ఎత్తిన ఒక్క ఎత్తు నుంచి పుడుతుంది. ఆ రోజు నిజం కాకపోతే తర్వాతి 12 వారాలూ నిజం కావు. అందుకే ప్రతి బరువైన రోజున ముందు ఒక్క రెప్పు, ఎనిమిది శ్రమతో ఎత్తి చూడమంటాను. అలాంటి ఒక్క రెప్పు గరిష్ఠంలో సుమారు 92 శాతం ఉంటుంది. దాన్నిబట్టి ఆనాటి శాతాలు కట్టుకోవచ్చు. ప్రణాళిక ఎముకలు అలాగే ఉంటాయి, కండ మాత్రం రోజును బట్టి.

పాతబెల్టు_గుంటూరు:

160 అబద్ధమని తేలింది కాబట్టి 140 చేయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడగకుండా సలహా ఇచ్చాను, ముందు రెఫరీగారిలా అడగవలసింది. కానీ విశాఖ అమ్మాయి చెప్పిన రోజువారీ పరీక్షకు ఒప్పుకోను. ఒక్కసారి కూర్చుని 150తో కాగితమంతా తిరగరాయండి, ఆ తర్వాత దానికి కట్టుబడండి. రోజూ పరీక్ష పెడితే ఈ కుర్రాడు రోజూ పోటీ చేస్తాడు. పోటీ నాటికి ఏమీ మిగలదు. ఆఖరి బరువైన డెడ్‌లిఫ్ట్ పోటీకి పది పన్నెండు రోజుల ముందే అయిపోవాలి. స్క్వాట్ ఇంకొంచెం ఆలస్యంగా, బెంచ్ ఆ వారం మొదట్లో. పోటీ ముందు బరువులు తగ్గించే ఆ తగ్గింపు వారాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

ఇంకొకటి. ఏది మార్చినా కోచ్‌కు తెలియకుండా మార్చవద్దు. కాగితం ఒకటి, చేసేది ఒకటి అయితే ఆయన రేపు వేసే లెక్క కూడా తప్పుతుంది.

విశాఖతీరం:

తగ్గింపు వారం విషయంలోనూ కోచ్ విషయంలోనూ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. "నా 160 సరైనది కాదు" అని వెళ్లి చెప్పడం గురువును ధిక్కరించడం కాదు. ఆయన ఆ అంకెను నమ్మే కదా రాశారు.

రోజువారీ పరీక్ష మాటకొస్తే, ఎనిమిది దగ్గర ఆపే ఒక్క రెప్పును మీరు పోటీ అంటున్నారు. దాన్ని తొమ్మిదిన్నర చేసుకునేవారికి అది పోటీయే. అలాంటివారికి వీడియో తీసి మరొకరి చేత అంకె వేయించమంటాను. పద్ధతి తప్పని మాత్రం ఒప్పుకోను.

మూడుదీపాలు:

మొదటి ప్రయత్నం గురించి ఒక్క మాట. కరణం మల్లీశ్వరి గారి 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఎత్తులు ఎప్పుడైనా చూడు. అది వెయిట్‌లిఫ్టింగ్, మన ఆట వేరు, అయినా ప్రయత్నాల లెక్క ఒకటే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. ఆఖరున స్వర్ణం కోసం 137.5 అడిగారు, అది అందలేదు. అయినా కాంస్యం చేతికి వచ్చింది, ఎందుకంటే 130 అప్పటికే చెల్లి ఉంది. మూడో ప్రయత్నంలో ఎంత సాహసమైనా చేయవచ్చు, మొదటిది మాత్రం నిద్ర లేని రోజున కూడా మూడు రెప్పులు వచ్చే బరువై ఉండాలి.

ఇప్పటినుంచే ఆదేశాలతో సాధన చెయ్యి. స్క్వాట్‌లో "స్క్వాట్" అన్నాకే దిగాలి, "ర్యాక్" అన్నాకే అడుగు ముందుకు. బెంచ్‌లో బారు ఛాతీ మీద కదలకుండా ఆగాక "ప్రెస్" వినిపిస్తుంది. డెడ్‌లిఫ్ట్‌లో "డౌన్" అనకముందు దించితే ఎర్రదీపమే. ప్రయత్నం అయిన నిమిషంలోపు తర్వాతి బరువు రాసి ఇవ్వాలి, ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

రాత్రిషిఫ్టు74:

కోచ్‌తో మాట్లాడాను. కోప్పడతారనుకున్నాను. వీడియో రెండుసార్లు చూసి, "ఈ అంకె నేనే సరిచూసుకోవలసింది" అని కాగితం ముందుకు లాక్కున్నారు. స్క్వాట్ 150తో తిరగరాశారు. బెంచ్ కూడా ఛాతీ మీద ఆపకుండా ఎత్తింది కాబట్టి 95కు దించారు. బరువైన రోజును నా సెలవు రోజుకు మార్చారు, ఇప్పుడు ఏడు గంటలు నిద్రపోయి వెళుతున్నాను. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టాను, పేరు 83 విభాగానికి మార్పించాను.

నిన్న 130, రెండేసి రెప్పులు, ఐదు సెట్లు. అన్నీ లోతుకు దిగాయి, పక్కనుంచి తీసిన వీడియో కోచ్‌కు పంపాను. రోజువారీ పరీక్ష సంగతి అడిగితే, ఈసారికి వద్దు, పోటీ అయ్యాక చూద్దాం అన్నారు.

పాతబెల్టు_గుంటూరు:

సంతోషం తమ్ముడూ. మొదటి ప్రయత్నం ఎంత పెడుతున్నారు?

రాత్రిషిఫ్టు74:

ఇప్పటికి 135 అనుకున్నాం అన్నా. ఆ సోమవారం నన్ను కూలదోసిన బరువే. చివరి పది రోజుల్లో అది "స్క్వాట్", "ర్యాక్" ఆదేశాలతో మూడు రెప్పులు రాకపోతే 130కి దించుతామని కోచ్ కాగితం అంచున ఇప్పుడే రాసి పెట్టారు.