ఐదేళ్ల ప్రమోటర్ కాంట్రాక్ట్ మీద కుర్రాడు సంతకం పెట్టొచ్చా?

బరంపురం_మావయ్య:
అందరికీ నమస్కారం. మాది బరంపురం. మా అక్క కొడుక్కి 22 ఏళ్లు, చిన్నప్పట్నుంచీ బాక్సింగే, స్టేట్ మెడల్స్ ఉన్నాయి. ఇప్పుడొక ప్రమోటర్, అంటే ఫైట్లు ఏర్పాటు చేసేవాడు, ప్రొఫెషనల్‌గా ఆడడానికి ఐదేళ్ల కాంట్రాక్ట్ పంపించాడు, పేరు ఇక్కడ రాయను. 14 పేజీలు, మొత్తం ఇంగ్లీషే, రెండు రాత్రులు కూర్చుని పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను. వీడు ఎవరితోనూ ఆడకూడదు, యాడ్స్ చెయ్యకూడదు అని నాలుగు పేజీలు రాశారు గానీ ఏడాదికి ఎన్ని ఫైట్లు ఇస్తారో ఎక్కడా లేదు. తొమ్మిదో పేజీలో ఇంకోటుంది, దెబ్బ తగిలి ఆడకపోయినా, ఇచ్చిన ఫైట్ వద్దన్నా, అన్నాళ్లూ కాంట్రాక్ట్ ముందుకి పెరుగుతాదట. చెయ్యి విరిగి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంటే ఆ ఎనిమిది నెలలు చివర్లో కలిపీస్తారు. అక్క "వచ్చిన అవకాశం, సంతకం పెట్టీమను" అంటంది, నేను వద్దంటున్నాను. మీరేటంటారు?

రాయగడ_రింగ్‌సైడ్:
అన్నయ్యా, ప్రమోటర్ లేకపోతే రింగ్ ఎవడిస్తాడు చెప్పండి. హాలు అద్దె, డాక్టరు, అంబులెన్సు, రిఫరీ, అవతల కుర్రాడి డబ్బులు, వాడి రైలు చార్జీలు కూడా అతనే పెట్టుకోవాలి, కొత్త కుర్రాడి ఫైట్‌కి టికెట్ కొనేదెవరు, మొదట్లో అంతా చేతి చమురే. అంత పెట్టి పెంచాక పేరొచ్చిన వెంటనే వేరేవాడి దగ్గరకి పోతే ఆయనకేటి మిగుల్తాది? విజేందర్ సింగ్‌ని చూడండి, 2015లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ వారెన్ కంపెనీతో సంతకం పెట్టాడు, అక్టోబర్‌లో మాంచెస్టర్‌లో మొదటి ఫైట్, 2016 జులైలో ఢిల్లీలో కెర్రీ హోప్‌ని కొట్టి ఆసియా పసిఫిక్ టైటిల్. నిశాంత్ దేవ్ పారిస్ ఒలింపిక్స్ అయిన ఆర్నెల్లకే ఇంగ్లండ్ ప్రమోటర్ ఎడ్డీ హెర్న్ కంపెనీ మ్యాచ్‌రూమ్ తరఫున లాస్ వెగాస్‌లో దిగాడు. సొంతంగా తిరిగితే ఇవి జరుగుతాయా?

బరంపురం_మావయ్య:
తమ్ముడూ, విజేందర్ చేతిలో ఒలింపిక్ మెడల్ ఉంది, ఎదురుగా కూర్చుని నాకిది కావాలి అనగలడు. మావాడు ఏం చూపించి అడుగుతాడు? అసలు పెద్దోళ్లకే తప్పలేదు. మైకీ గార్సియా ప్రపంచ చాంపియన్, ఒక్క ఓటమి లేదు, ప్రమోటర్ టాప్ ర్యాంక్‌తో గొడవై కోర్టుకెళ్లి 2014 జనవరి నుంచి 2016 జులై దాకా రింగ్ ఎక్కలేదు, మంచి వయసంతా అందులోనే పోయింది. ఆండ్రీ వార్డ్ కూడా అంతే, ప్రమోటర్ తగాదాలో 2013 నవంబర్ తర్వాత మళ్లీ 2015 జూన్‌లోనే ఆడాడు. మేవెదర్ అదే టాప్ ర్యాంక్‌కి 2006లో ఏడున్నర లక్షల డాలర్లు కట్టి బయటికొచ్చాడు, తర్వాత 2015లో పాకియావ్‌తో ఒక్క ఫైట్‌కే 20 కోట్ల డాలర్లు దాటి సంపాదించాడు. కట్టగలిగాడు కాబట్టి బయటపడ్డాడు. మావాడు ఏం కడతాడు?

పర్లాకిమిడి_ప్లీడర్:
చట్టం సంగతి కొంచెం చెప్తాను. అమెరికాలో 2000లో మహమ్మద్ అలీ పేరు మీద చట్టం తెచ్చారు. "మా చాంపియన్‌తో ఫైట్ కావాలంటే నువ్వు కూడా మాకే సంతకం పెట్టు" అని బలవంతంగా రాయించుకున్న హక్కులు 12 నెలలకి మించి చెల్లవు, ఆ ఫైట్ మీద ప్రమోటర్‌కి ఎంతొచ్చిందో బాక్సర్‌కి చెప్పాలి, ప్రమోటరూ, బాక్సర్ తరఫున బేరమాడే మేనేజరూ ఒకళ్లే కాకూడదు. ఇక్కడ మనకున్నది 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 27, మనిషి పనికి అడ్డుపడే ఒప్పందం చెల్లదని. జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీం కోర్టు, కాంట్రాక్ట్ అయిపోయాక కూడా ఆటగాడిని కట్టీసే షరతు చెల్లదంది. కానీ కాంట్రాక్ట్ నడుస్తున్నప్పుడు వేరేచోట ఆడొద్దు అన్న షరతుని కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి. అందుకే ఆ తొమ్మిదో పేజీయే అసలు చిక్కు. అది ముగింపునే ఇంకా దూరం నెట్టీస్తంది కదా.

రాయగడ_రింగ్‌సైడ్:
సరే, ఆ పేజీ మార్చమనండి. కానీ డబ్బుల విషయంలో ప్రమోటర్నొక్కడినే అనకండి, మేనేజర్ వాటా మాటేటి?

బరంపురం_మావయ్య:
అదీ లెక్కేశాను. అమెరికా లెక్క ప్రకారం ఫైట్‌కి లక్ష వచ్చిందనుకుందాం. మేనేజర్‌కి మూడో వంతు దాకా పోతాది, ట్రైనర్‌కి పది శాతం, టైటిల్ ఫైట్ అయితే ఆ టైటిల్ ఇచ్చే సంస్థకి మూడు శాతం ఫీజు, ఆ పైన పన్ను. కుర్రాడి చేతికి సగం కూడా రాదు, పైగా అది ఫైట్ జరిగితేనే. మావాడి కాంట్రాక్ట్‌లో ఫైట్ జరుగుతాదని రాసే లేదు, నా బాధంతా అదే.

గోపాల్‌పూర్_గ్లవ్స్:
మావయ్యగారూ, నేను ఇలాంటి దాని మీదే సంతకం పెట్టాను, మూడేళ్లకి. ఎవరికన్నది వదిలెయ్యండి. 14 నెలలు ఒక్క ఫైట్ లేదు. నెలకోసారి ఫోన్ చేస్తే "వచ్చే నెల పక్కా, వెయిట్ చూసుకో" అనేవారు. ఆ వచ్చే నెల కోసం నేను పొద్దున నాలుగున్నరకి గోపాల్‌పూర్ ఇసకలో పరుగెత్తి, 60 కేజీలు దాటకూడదని మా అమ్మ చేసిన పఖాళ, అదే చద్దన్నం, కూడా ముట్టకుండా, సాయంత్రం సిమెంటు గోదాంలో లెక్కలు రాసేవాడిని. ఒక ఊళ్లో ఇంకెవరో 20 వేలు ఇస్తాం రా అంటే కాంట్రాక్ట్ చూపించి కుదరదన్నారు. చివరికి వదిలారు, డబ్బులేం అడగలేదు, కానీ అప్పటికి నాకు 27. ఆ కాగితం ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది. మీ మేనల్లుడికి చూపించమంటే తెస్తాను, బరంపురం ఎంత దూరమని.

రాయగడ_రింగ్‌సైడ్:
ఇది నాకు తెలీదు బాబూ. ప్రమోటర్ ఉండాలన్నది నేను ఇప్పటికీ అంటాను, కానీ ఫైట్లు ఇవ్వకుండా కట్టి ఉంచడం తప్పే, దానికి నేను వత్తాసు పలకను.

బరంపురం_మావయ్య:
ఆదివారం రా బాబూ, మా ఇంటికే, అక్కనీ మేనల్లుడినీ కూర్చోబెడతాను. ఈలోగా ప్రమోటర్‌కి మూడు ముక్కలు రాసి పంపిస్తున్నాను. ఏడాదికి కనీసం నాలుగు ఫైట్లు కాగితం మీద ఉండాలి, ఆర్నెల్లు ఫైట్ ఇవ్వకపోతే కుర్రాడు ఏమీ కట్టకుండా వెళ్లిపోవచ్చు, తొమ్మిదో పేజీ కొట్టీయాలి. మూడేళ్లయితే ఒప్పుకుంటాను, రెండేళ్లయినా సరే. ప్లీడర్ గారూ, మూడోది ఇంగ్లీషులో ఎలా రాయాలో కొంచెం సాయం చేద్దురూ.