నడకదారిలో 19 డబ్బాలా, మూడు మంచివా?

ప్రశ్న: 3 కిలోమీటర్ల నడకదారి. రెండు జియోకాష్‌ల (GPS చూసుకుంటూ వెతికే ఆటలో దాచే డబ్బాలు) మధ్య కనీస దూరం 161 మీటర్లు కాబట్టి 19 దాకా పడతాయి. అన్నీ పెట్టేయనా, మూడు చాలా?

జవాబు 1: పెట్టడం ఒక పూట పని, చూసుకోవడం ఏళ్ల పని. ఫిల్మ్ డబ్బాలైతే అసలు వద్దు. మూత వదులై తేమ చేరితే లాగ్ కాగితం (కనిపెట్టినవాళ్లు పేరు రాసే చీటీ) ముద్దవుతుంది. తర్వాత 19 చోట్లకీ మీరే తిరగాలి.

జవాబు 2: కనిపెట్టిన కాష్‌ల అంకె పెంచుకోవడం సరదాగా ఉండేవాళ్లూ ఉన్నారండీ, అదేం నేరం కాదు. వాళ్ల కోసమే అయితే మర మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టాలు, తడవని కాగితం వాడండి. దాచే తీరు అన్నిచోట్లా ఒకటే ఉండాలి, వెతుకులాట నిమిషం దాటకూడదు.

జవాబు 3: నా ఓటు మూడుకే. లీటరు పైబడిన, రబ్బరు అంచున్న డబ్బా తీసుకోండి. నీళ్లు దిగేది ఎక్కువగా డబ్బా లోపం వల్ల కాదు. లాగ్ ఉన్న సంచి అంచు మూతలో ఇరుక్కుంటుంది, ఆ సందులోంచే చెమ్మ పాకుతుంది. సంచిని డబ్బాకంటే బాగా చిన్నది పెట్టండి. డబ్బా ఉన్న చోటి GPS కోఆర్డినేట్లు వేర్వేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు తీసి సగటు వేయండి. చెట్ల కింద ఒక్కసారి తీసిన రీడింగ్ పది మీటర్లు తప్పినా ఆశ్చర్యం లేదు.

జవాబు 2: ఒప్పుకుంటా. ఫేవరెట్ పాయింట్ల (నచ్చిన కాష్‌కి ఆటగాళ్లు ఇచ్చేవి) మొత్తం మాత్రం చూడకండి, కనిపెట్టిన ప్రీమియం (డబ్బు కట్టే) సభ్యుల్లో ఎంత శాతం ఇచ్చారో చూడండి. వాళ్లకు పది కాష్‌లు దొరికితేనే ఒక పాయింట్ చేతికొస్తుంది మరి.