సొంత తెరచాప పడవ నమూనా: కీల్ కింద అదనపు రెక్క పెట్టవచ్చా, కూడదా?

బర్కిలీ రేవు:
నా దగ్గర ఉన్నది చెక్కతో కట్టిన నార్డిక్ ఫోక్‌బోట్, అంటే స్కాండినేవియాలో రూపొందిన ఒక తరగతి చిన్న తెరచాప పడవ. శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఈ తరగతి పడవలు నేటికీ పందేలలో పాల్గొంటున్నాయి. దీనికి అయిదో వంతు కొలతలో చెక్క నమూనా కట్టి, రేడియో నియంత్రణతో గోల్డెన్ గేట్ పార్కులోని స్ప్రెకెల్స్ చెరువులో నడపాలని సంకల్పించాను. అసలు పడవ పొడవు 7.68 మీటర్లు, వెడల్పు 2.20 మీటర్లు, నీటిలో మునిగే లోతు 1.20 మీటర్లు, బరువు 1,930 కిలోలు, తెరచాపల వైశాల్యం 24 చదరపు మీటర్లు. నమూనాలో ఇవి వరుసగా 1.54 మీటర్లు, 44 సెంటీమీటర్లు, 24 సెంటీమీటర్లు, 15.4 కిలోలు, 0.96 చదరపు మీటరు అవుతాయి. అసలు పడవ బరువులో సగానికి పైగా అడుగున వెన్నులా పొడవుగా ఉండి పడవను నిలబెట్టే ఇనుప కీల్‌దే. అయినా నమూనాకు ఆ నిష్పత్తి చాలదనీ, కీల్ కింద సీసపు గుండుతో మరో రెక్క దించక తప్పదనీ అనుభవజ్ఞులు అంటున్నారు. ఏటా ఒడ్డుకెక్కించి నా చేతులతో గీకి రంగు వేసుకునే ఆ అడుగు భాగానికి, దానికి లేని అవయవాన్ని తగిలించాక, దాన్ని నా పడవ నమూనా అని చెప్పుకోవచ్చునా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

చుక్కాని:
విశాఖలో నౌకా నిర్మాణం చదువుకున్నవాడిగా చెబుతున్నాను, ఇందులో అభిరుచి కంటే లెక్క ముఖ్యం. కొలతలను అయిదో వంతు చేసినప్పుడు తెరచాప వైశాల్యం 25వ వంతుకు, బరువు 125వ వంతుకు తగ్గుతాయి. గాలి పడవను ఒరగదోసే శక్తి వైశాల్యాన్నీ, తెరచాప ఎత్తునూ కలిపి లెక్కించాలి కనుక అది 125వ వంతు; పడవను తిరిగి నిలబెట్టే శక్తి బరువునూ, ఆ బరువు పనిచేసే దూరాన్నీ కలిపి లెక్కించాలి కనుక అది 625వ వంతు. అంటే అదే గాలిలో మీ నమూనా మీ పడవ కంటే అయిదు రెట్లు బలహీనం. చెరువు మీద వీచే గాలి నమూనాను చూసి తగ్గదు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) గాలిలో అసలు పడవ ఎంత ఒరుగుతుందో, నమూనా 7 నాట్ల లోపే అంత ఒరుగుతుంది. అంతకు మించితే చుక్కాని పలకలో చాలా భాగం నీటి పైకి లేచి పట్టు తప్పుతుంది, పడవ ముక్కు తనంతట తాను గాలికి ఎదురు తిరుగుతుంది. రెక్క పెట్టండి.

కోరంగి వాసి:
చుక్కాని గారి లెక్కతో నాకు పేచీ లేదు, దాని నుంచి వారు తేల్చిన దానితోనే పేచీ. ఫోక్‌బోట్ అందమంతా నీటి కింద ఉంది. ముందు నుంచి వెనక్కి వాలుగా దిగే పొడవాటి కీల్, దాని వెనక అంచుకే వేలాడే చుక్కాని, ఈ రెండూ కలిసే దాని నడకను నిర్ణయిస్తాయి. ఇరుకైన లోతు రెక్కను కిందకు దించితే మలుపు తిరిగే తీరే మారిపోతుంది. అప్పుడు మీరు పైన ఫోక్‌బోట్‌ను, కింద మరేదో పందెపు పడవను నడుపుతున్నట్టు. గాలి పెరిగితే అసలు పడవలోనూ తెరచాపను కుదించుకుంటాం కదా! నమూనాకూ చిన్న తెరచాపల జత ఇంకొకటి కుట్టించండి. దానితో పాటు పడవ ఒళ్లు తేలిక చేయండి. నాలుగు మిల్లీమీటర్ల సెడార్ చెక్క, పలుచని ఎపాక్సీ పూతతో కడితే తెరచాప కొయ్య, తాళ్లు, బ్యాటరీ సహా అయిదు కిలోల దగ్గర ఆపవచ్చు. మిగిలిన పది కిలోలూ ఇనుముకు బదులు సీసంగా కీల్‌లోనే పోయండి. సీసం ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాంద్రమైనది కాబట్టి అదే చోటులో బరువు మరింత కిందకు చేరుతుంది.

చుక్కాని:
సీసం సలహా మంచిదే, ఎవరైనా పాటించాల్సిందే. కాని అయిదు రెట్ల లోటులో అది కొంత మాత్రమే పూడుస్తుంది. వేసవి మధ్యాహ్నాలలో బే మీద 20 నాట్ల గాలి మామూలు విషయం. చెరువు దగ్గర చెట్ల వల్ల కొంత తగ్గినా, ప్రశాంతమైన ఉదయాల కోసమే ఏడాది పొడవునా ఎదురుచూడాలా? ఇక ‘అసలు రూపం’ అన్న మాటకు వద్దాం. ఈ పడవ పుట్టుకే ఒక కలగలుపు. 1940ల మొదట్లో స్కాండినేవియా తెరచాప పడవల సమాఖ్య నిర్వహించిన పడవ రూపకల్పన పోటీలో ఏ ఒక్క రూపాన్నీ గెలిపించకుండా, మెచ్చిన గీతల్లోని మంచి అంశాలన్నీ కలిపి టోర్డ్ సుండెన్ చేత గీయించారు. 1960లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటే పందెంలో బ్లాండీ హాస్లర్ నడిపిన ‘జెస్టర్’ ఫోక్‌బోట్ ఒంటి మీదనే చైనా పద్ధతి తెరచాప ఎత్తి రెండో స్థానంలో చేరింది. దాన్ని ఫోక్‌బోట్ కుటుంబం నుంచి ఎవరూ వెలివేయలేదు.

కోరంగి వాసి:
జెస్టర్‌ను మార్చినది ఆ పడవలోనే సముద్రం దాటడానికి. ఆ మార్పు అందరికీ కనబడేది, దానికి జెస్టర్ అనే పేరూ ఉంది. ఇక్కడ ప్రతిపాదిస్తున్నది నీటి కింద దాచే మార్పు. దాన్ని చెప్పకుండా పక్కవారి చేత ‘అచ్చం మీ పడవే’ అనిపించుకోవడం నాకు రుచించదు.

చెక్కపని:
ఇద్దరూ నీటి గీతను, అంటే పడవ ఒంటి మీద నీటి మట్టం తాకే గీతను, మరిచారు. నమూనా నీటి గీత దగ్గర పొడవు 1.2 మీటర్లు, ఆ ఎత్తులో పడవను అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటరు ఉంటుంది. అందుకే అదనంగా వేసిన ప్రతి కిలో పడవను మూడు మిల్లీమీటర్లకు పైగా ముంచుతుంది. నాలుగు కిలోల సీసపు గుండును పైబరువుగా వేలాడదీస్తే పడవ సెంటీమీటరుకు పైగా కిందకు దిగి, మీరు శ్రద్ధగా గీసిన నీటి గీత మాయమవుతుంది. ఈ తప్పు నేను చాలా నమూనాలలో చూశాను. రెక్క పెట్టినా పెట్టకపోయినా 15.4 కిలోలు దాటరాదు. గుండులోకి వెళ్లే బరువును కీల్ లోపలి సీసం నుంచి తీయాలి. కాబట్టి సీసాన్ని ఒకే దిమ్మగా పోయకుండా కొంత భాగం విడిగా, బయటకు తీసేలా పోయండి. కీల్ అతికేటప్పుడే రెండు ఇత్తడి గొట్టాలు నిలువుగా అమర్చి, వాటి చుట్టూ సీసం పోయండి. రెక్క కడ్డీలు ఆ గొట్టాల్లోంచి పైకి వచ్చి, డెక్ కింద నట్లతో బిగుస్తాయి. గొట్టం పైకొస నీటిమట్టం కంటే ఎత్తున లేకపోతే నీరు నేరుగా లోపలికి చేరుతుంది, జాగ్రత్త. పలకలు వేసేశాక ఈ పని సాధ్యం కాదు. మీరు వాదన తేల్చకపోయినా గొట్టాల సంగతి ముందే తేల్చాలి.

బర్కిలీ రేవు:
గొట్టాలు పెడతాను. రెక్క లేనప్పుడు వాటి కింది రంధ్రాలను చెక్క బిరడాలతో మూసి, రంగు వేస్తాను. పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా, అసలు పడవ పద్ధతిలోనే కడతాను కనుక బరువు కొంత పెరగవచ్చు. మొదట చిన్న తెరచాపల జతతో, రెక్క లేకుండా నడిపి చూస్తాను.

కోరంగి వాసి:
అలాగైతే గొట్టాలకు నా అభ్యంతరం లేదు. రెక్క తగిలించిన రోజు మాత్రం ఆ మాట చూసేవారికి ముందే చెప్పండి.