నెలనెలా టీమంతా కలిసి కళాప్రదర్శనలకు వెళ్లడం: తప్పనిసరి చేయొచ్చా?

నీలిసిరా
మా టీమ్‌లో పద్నాలుగు మందిమి. ఏడాదిగా నెలకోసారి అందరం కలిసి ఏదో ఒకటి చూసి వస్తున్నాం. చిత్రప్రదర్శన, నాటకం, కచేరీ, ఒకసారి కుండలు చేయడం కూడా. ఏం చూడాలో వెతికిపెట్టేది నేనే. మొదట్లో అందరూ వచ్చేవాళ్లు. పోయిన నెల ఐదుగురే వచ్చారు. ఇలాగైతే ఆపేద్దామని పైనుంచి మాట వినిపిస్తోంది. ఆగిపోవడం నాకిష్టం లేదు. అందుకే పని వేళల చివర్లో పెట్టి, హాజరు తప్పనిసరి చేయమని అడుగుదామనుకుంటున్నాను.

పరిచయం లేనిది మొదట్లో ఎవరికీ నచ్చదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించింది ఇదే. అర్థం లేని పదాలు, తెలియని లిపిలో అక్షరాలు, ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు పదేపదే కంటబడితే చాలు, వాటి మీద ఇష్టం పెరుగుతుంది. కళలైనా అంతే కదా.

వచ్చే మూడు నెలలకు నేననుకుంటున్నవి: శిల్పాల గ్యాలరీ, నలుగురు వాయించే చిన్న కచేరీ, తోలుబొమ్మలాట. వీటి మీద కూడా సలహాలు చెప్పండి.

మూడోగంట
"తప్పనిసరి" అన్న మాట దగ్గరే ఆగిపోయానండి. ఇష్టం పుట్టించడానికి హాజరుపట్టీ పెట్టడమేమిటి? ఇంకో సంగతి. జాయన్స్ వాడినవి మనసుకు మంచీ చెడూ ఏమీ కాని వస్తువులు. మొదటిసారే చిరాకు తెప్పించినదాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తే ఇష్టం పెరగదు, చిరాకే ముదురుతుంది.

బయల్దేరేవేళ
పని వేళల చివర్లో అంటే ఎన్నింటికి? వెళ్లిరావడానికి పట్టే సమయం కూడా అందులోనేనా? అది చెప్పండి ముందు.

కొత్తచూపు
మా టీమ్‌తో వెళ్లేదాకా నేను నాటకం అన్నదే చూడలేదు. దీపాలు ఆరిపోయాక చీకట్లో నటులు నడిచొచ్చి నిలబడిన చప్పుడు వినిపించింది. ఒళ్లు జలదరించింది. తప్పనిసరి కాకపోతే నేను వెళ్లి ఉండేదాన్ని కాదు. నీలిసిరా గారికే నా ఓటు.

నీలిసిరా
థాంక్స్ కొత్తచూపు గారూ. నేను చెప్పేదీ ఇదే. గడప దాటించడం వరకే మన పని.

మూడోగంట గారూ, హక్కుల భాషలోనే మాట్లాడుకుందాం. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం చూడండి. సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం, కళలను ఆస్వాదించడం ప్రతి ఒక్కరి హక్కు అని ఉంది. పొద్దస్తమానం స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకు నెలకు రెండు గంటలు ఆ హక్కు దక్కేలా చేయడం తప్పా?

మూడోగంట
ఆ అధికరణంలో ఒక మాట వదిలేశారు. "స్వేచ్ఛగా" పాల్గొనే హక్కు అని ఉంది అక్కడ. అదే పత్రంలో 24వ అధికరణం కూడా చదవండి, విశ్రాంతికీ తీరిక సమయానికీ హక్కుంది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తోసేయలేరు.

గీతాక్షరం
అసలు వెళ్లడం దేనికి? పెద్ద పెద్ద మ్యూజియంలు తమ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే పెట్టేస్తున్నాయి. జూమ్ చేస్తే అక్కడికంటే బాగా కనిపిస్తాయి. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసుకుంటారు.

పాతఫ్రేము
గీతాక్షరం గారూ, జూమ్ సంగతి నిజమే. కానీ మోనాలిసా చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. పికాసో 1937లో వేసిన గెర్నికా వెడల్పు దాదాపు ఏడుముప్పావు మీటర్లు, ఎత్తు మూడున్నర. ఫోన్‌లో రెండూ అరచేతిలోనే ఇమిడిపోతాయి. గెర్నికా ముందు నిలబడితే తల ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. ఆ తిప్పడం కూడా బొమ్మ చూడడంలో భాగమే.

నీలిసిరా గారి జాబితా బాగుంది. శిల్పాల దగ్గర ఒకటి గమనించమనండి. ఇవాళ తెల్లగా కనిపించే ప్రాచీన గ్రీకు, రోమన్ పాలరాతి విగ్రహాలకు ఒకప్పుడు రంగులుండేవి. జుట్టు పాయల సందుల్లో, బట్టల మడతల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ ఆ ఆనవాళ్లు మిగిలి ఉంటాయి. పక్కకు తిరిగి, వంగి, మడతల్లోకి చూడాలి. ఎదురుగా నిలబడి చూస్తే దొరకవు.

కచేరీ విషయానికొస్తే, రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో ఉండే బృందమైతే ముందు వరుసల్లో కూర్చోండి. చేతులూపి నడిపించేవాళ్లెవరూ ఉండరు. మొదలుపెట్టే ముందు ఒకరు గట్టిగా ఊపిరి పీలుస్తారు. మిగతా ముగ్గురూ ఆ ఊపిరిని అందుకుని ఒక్కసారే విల్లు వేస్తారు. ఆ ఊపిరి వినబడేంత దగ్గరగా కూర్చోవాలి.

బయల్దేరేవేళ
నా ప్రశ్న ఎవరికీ కనబడలేదా? మా అమ్మను చూసుకునే మనిషి సాయంత్రం ఏడింటికి వెళ్లిపోతుంది. ఆరున్నరకు కార్యక్రమం అయిపోయినా ఇంటికి చేరడానికి నాకు గంట పడుతుంది. మీరు రెండు గంటలు అంటున్నది నాకు మూడున్నర గంటలు. పోయినసారి మధ్యలో లేచి వచ్చేస్తే "మీకు ఆసక్తి లేదేమో" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మూడోగంట
బయల్దేరేవేళ గారు చెప్పింది సరిగ్గా పాయింటే. నాదీ ఒకటి చేర్చుకోండి. "మ్యూజియం అలసట" అని 1916లోనే రాశారు, బెంజమిన్ గిల్మన్ అనే ఆయన. పనిచేసి అలసినవాళ్లను తీసుకెళ్లి ఇంకా అలసిపొమ్మంటారు. బొమ్మలు చూస్తే అలసట తీరుతుందన్నది అందరి విషయంలో నిజం కాదు.

నీలిసిరా
గిల్మన్ పేరెత్తారు కాబట్టి ఆయనేం చేశారో కూడా చెప్పాలి. ప్రదర్శనలో వస్తువులు చూస్తున్న ఒక మనిషిని ఫొటోలు తీయించారు. అద్దాల పెట్టెలో కింద పెట్టినవి చూడ్డానికి వంగుతున్నాడు, చీటీ చదవడానికి గొంతుక్కూర్చుంటున్నాడు. తప్పు కళది కాదు, వస్తువుల్ని అమర్చిన తీరుది అని ఆయన వాదన. మీరు దాన్ని తలకిందులు చేశారు.

నిజం చెప్పాలంటే నాకు కోపంగా ఉంది. ప్రతి నెలా రెండు మూడు రాత్రులు కూర్చుని వెతుకుతాను. ఏది బాగుంటుంది, మెట్లెక్కలేనివాళ్లకు దారి ఉందా, ఎంతసేపు నిలబడాలి, అన్నీ ఫోన్ చేసి కనుక్కుంటాను. ఏడాదిలో ఒక్కరు "బాగా ఎంచావు" అనలేదు. చూడకముందే వద్దనేవాళ్లకు ఏం చూపించినా ఒకటే. కళలంటే గౌరవం లేదు, అంతే. అది నేరుగా చెప్పండి, అధికరణాలూ అలసటలూ దేనికి?

మూడోగంట
గౌరవం లేదన్నారు కాబట్టి చెబుతున్నాను. చెప్పకూడదనుకున్నాను.

మూడేళ్ల కింద, ఇంతకుముందు పనిచేసిన చోట, ఇలాగే నెలనెలా తీసుకెళ్లేవాళ్లు. తప్పనిసరి. ఒకసారి మొత్తం నల్లగా ఉన్న పెద్ద కాన్వాస్ ముందు అందరం అర్ధచంద్రాకారంలో నిలబడ్డాం. మేనేజర్ ఒక్కొక్కరినీ అడుగుతున్నారు, ఏమనిపించిందో చెప్పమని. ఒకరు శూన్యం అన్నారు, ఒకరు ఒంటరితనం అన్నారు. నా వంతు వచ్చింది. కింద ఎడమ మూలలో రంగులో ఒక బ్రష్ వెంట్రుక అతుక్కుపోయి ఉంది. వంకర తిరిగి, చివర కొంచెం పైకి లేచి, దీపం వెలుతురులో మెరుస్తోంది. వచ్చినప్పటి నుంచి నేను దాన్నే చూస్తున్నాను. అదే చెప్పాను. "నాకేమీ అనిపించలేదండీ, అక్కడొక వెంట్రుక ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. మేనేజర్ కూడా నవ్వారు.

ఆ ఏడాది అప్రైజల్‌లో "కొత్త విషయాల పట్ల ఆసక్తి తక్కువ" అని రాశారు. అప్పటికి ఏడాదంతా ఒక్క పని ఆలస్యం చేయలేదు నేను. ఆ మాట దేన్ని చూసి రాశారో నాకు తెలుసు.

నాకు బొమ్మలంటే పగ లేదు నీలిసిరా గారూ. మేనేజర్ పక్కన నిలబడి బొమ్మ చూడమంటే నేను బొమ్మను చూడను. మేనేజర్ మొహాన్ని చూస్తాను.

కొత్తచూపు
అయ్యో. సారీ అండి. నేను ఓటు వెనక్కి తీసుకోవడం లేదు కానీ, మా దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అందుకే నాకు అది తట్టలేదు.

పాతఫ్రేము
మూడోగంట గారూ, నేను పాత చిత్రాలకు ఫ్రేములు బాగుచేసే పని నేర్చుకున్నవాణ్ని. చిత్రం చేతికి రాగానే మేం మొదట వెతికేది అలాంటివే. రంగులో ఇరుక్కున్న వెంట్రుక, వేలిముద్ర, పగులు. గీసిన చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో అవే చెబుతాయి. ఒక అధ్యయనం ఉంది, 2001లో వచ్చింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో కళాఖండం ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కపెట్టారు. సగటున 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లు కూడా ఆగలేదు. మీ వంతు వచ్చేదాకా మీరు ఆ వెంట్రుకను చూస్తూ ఉన్నారు. ఆ గదిలో బొమ్మను బాగా చూసింది మీరే.

నచ్చలేదని చెప్పడమూ తప్పు కాదు. 1874లో ప్యారిస్‌లో చిత్రకారుడు మోనే, ఆయన మిత్రులు ప్రదర్శన పెడితే లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఎగతాళి చేస్తూ రాశాడు. ఆ చిత్రకారులకు ఇంప్రెషనిస్టులు అన్న పేరు ఆ ఎగతాళి నుంచే స్థిరపడింది.

మూడోగంట
మీ మాటకు థాంక్స్ పాతఫ్రేము గారూ. ఇన్నాళ్లకు ఒక్కరు ఆ వెంట్రుకను పట్టించుకున్నారు.

కానీ లెరోయ్‌కి జీతం ఇచ్చేది మోనే కాదు. ఆయన నచ్చలేదని రాస్తే ఆయన ఉద్యోగానికి ఏమీ కాదు. తేడా అక్కడుంది. నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది ఇదే, సమయం గురించి కాదు.

నీలిసిరా
రాత్రి రెండుసార్లు జవాబు రాసి తుడిచేశాను.

గౌరవం లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా మేనేజర్ కూడా ప్రతిసారీ వస్తారు. ఆయన్ని రమ్మని పట్టుబట్టింది నేనే, ఆయన చూడకపోతే ఇది టైంపాస్ అనుకుని బడ్జెట్ తీసేస్తారని. చివర్లో అందరూ తలా ఒక మాట చెప్పాలన్నదీ నా ఆలోచనే. నాలుగో నెలలో మొదలుపెట్టాం. ఇప్పుడు పాత మెసేజ్‌లు తిరగేస్తే, మనుషులు తగ్గడం ఐదో నెల నుంచి కనిపిస్తోంది. పూర్తిగా దాని వల్లే అని చెప్పలేను, ఆ నెలల్లో పని ఒత్తిడి కూడా ఎక్కువే. కానీ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. మేనేజర్ రాకపోతే ఇది ఆర్నెల్లలో ఆగిపోతుంది. చూడనివాళ్లకు విలువ తెలియదు.

మూడోగంట
ఆయన్ని విడిగా తీసుకెళ్లండి. నలుగురితోనే వెళ్లండి. లేదా ఆయన వచ్చినా, ఎవరు వచ్చారు, ఏమన్నారు అన్నది అప్రైజల్‌లోకి రాదని రాసివ్వమనండి. నోటి మాట చాలదు. ఇది లేకుండా తప్పనిసరి చేస్తే నేనైతే రాను, మీరు ఎంత మంచివి ఎంచినా సరే.

నీలిసిరా
రాసివ్వమని అడుగుతాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. ఆయన రావాలన్న దగ్గర నేను కదలను, మీరూ కదలరు. సరే.

తప్పనిసరి అన్న మాట తీసేస్తున్నాను. చివర్లో అడగడం కూడా ఉండదు. శిల్పాలకు అందరం ఒకే గుంపుగా తిరగం. ఎవరికి నచ్చిన విగ్రహం దగ్గర వాళ్లు పది నిమిషాలు, ఒక్కటే చూసినా చాలు. మాట్లాడాలనుకుంటే మాట్లాడొచ్చు. తర్వాతి నెల కచేరీ. పాతఫ్రేము గారు చెప్పినట్టు ముందు వరుసలు దొరుకుతాయేమో కనుక్కుంటాను. మూడో నెల బొమ్మలాట. ఇండోనేషియాలో వయాంగ్ అనే నీడబొమ్మలాటలో తెరకు అటు కూర్చుని నీడలూ చూడొచ్చు, ఇటు కూర్చుని బొమ్మలాడించే మనిషినీ చూడొచ్చని చదివాను. ఇక్కడి కళాకారులు ఒప్పుకుంటే సగం సేపు తెర వెనక కూర్చోనివ్వమని అడుగుతాను. కర్రపుల్ల పట్టుకున్న వేళ్లు ఎలా కదులుతాయో చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది.

గీతాక్షరం
తెర వెనక అంటే నేనూ వస్తా. అది ఆన్‌లైన్‌లో దొరకదు.

బయల్దేరేవేళ
ప్రయాణం లెక్కలోకి వస్తుందా రాదా? ఇప్పటికీ చెప్పలేదు.

నీలిసిరా
క్షమించండి, మొదట్లోనే చెప్పాల్సింది. వస్తుంది. ఆఫీసు తలుపు దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఎవరింటికి వాళ్లు చేరేదాకా లెక్క. మీ విషయంలో మూడున్నరకే బయల్దేరేలా పెడతాను. మధ్యలో లేవాల్సి వస్తే లేవండి, నేను చివరి సీటు మీ పేరు మీద ఉంచుతాను.