పొడుపు కథలో బుర్ర బోల్తా పడేది ఎక్కడ?

ప్రశ్న:
సెలవుల్లో పిల్లలకి పొడుపు కథలు వేస్తున్నాను. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అంటే నెమలి, కోతి, ఎలుగుబంటి అన్నీ చెప్పారు గానీ కవ్వం ఒక్కరికీ తట్టలేదు. వంటింట్లో కళ్లెదురుగా ఉన్న వస్తువే! చెప్పాక మాత్రం "ఓస్ ఇంతేనా" అంటారు. మతలబు మాటల్లో ఉందా, మన బుర్రలోనా?

జవాబు 1:
రెండింట్లోనూ అండి. తెలుగులో ఆడపిల్లకైనా, మేకకైనా, బస్సుకైనా "వచ్చింది" అనే అంటాం. అందుకే పుట్టింది, పెరిగింది అనగానే బుర్ర ఓ ప్రాణిని ఊహించేసుకుంటుంది, తైతక్కలాడింది అనేసరికి ఇక అది ఖాయమైపోతుంది. కథలో మాత్రం ప్రాణి అని ఎక్కడా లేదు. కర్ర పుట్టేదీ అడవిలోనే కదా. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా దారి తప్పించడం, నాకు ఎంతో ఇష్టమైంది అదే.

జవాబు 2:
చెట్టు మీద పది పిట్టలు, వేటగాడు ఒకదాన్ని తుపాకీతో కాల్చాడు, ఇంకెన్ని మిగిలాయి? అంకెలు వినగానే తీసివేత మొదలెట్టేస్తాం, చప్పుడికి మిగతావి ఎగిరిపోతాయని తెలిసి కూడా. 1981లో ఎరిక్సన్, మాట్సన్ అనే పరిశోధకులు "మోషే ఓడలోకి ఒక్కో రకం జంతువుల్ని ఎన్నేసి ఎక్కించాడు?" అని అడిగితే, బైబిల్ కథలో జంతువుల్ని రెండేసి చొప్పున ఓడ ఎక్కించింది మోషే కాదు, నోవహు అని తెలిసినవాళ్లు కూడా చాలామంది "రెండు" అనేశారు. అడిగింది "ఎన్ని" అని కాబట్టి ధ్యాసంతా అంకె మీదే ఉంటుంది, పైగా మోషే కూడా బైబిల్లోని పెద్దమనిషే కావడంతో ఆ పేరు దగ్గర అనుమానం రాదు.

జవాబు 3:
సంస్కృతంలో ఇంకో రకం ఉంది. "కం బలవంతం న బాధతే శీతం", అంటే ఏ బలవంతుణ్ని చలి బాధించదు అని ప్రశ్న. అదే కలిపి "కంబలవంతం" అని చదివితే, కంబళి ఉన్నవాణ్ని అని జవాబు! పదం ఎక్కడ విరగాలో మనమే ముందుగా తేల్చేసుకుంటాం, చిక్కంతా అక్కడే. ఇది నోటితో అడిగితేనే బాగుంటుంది, కాగితం మీద ఖాళీ వదలగానే గుట్టు బయటపడిపోతుంది.

అడిగినవారు:
మరి పిల్లలు తప్పు చెప్పినప్పుడు ఏమనాలి?

జవాబు 1:
జవాబు మాత్రం వెంటనే చెప్పేయకండి, "ప్రాణి అని నేను అన్నానా?" అని అడిగి చూడండి. ఈసారి "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" వేయండి. ఇల్లంతా వెతుకుతుంటే, తలుపులన్నాను గానీ చెక్కవని అన్నానా అనండి చాలు, ఎవరో ఒకరు కళ్లు ఆర్పి చూసుకుంటారు.