హంద్రి కృష్ణ వైపు, కుందూ పెన్న వైపు: మధ్యలో గట్టు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. సాయంత్రం పూట ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సోషల్ చెప్తుంటాను. భారతదేశ నదుల పాఠం వచ్చినప్పుడల్లా ఒక చోట ఆగిపోతున్నాను.

గోదావరికి మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. కానీ మన నీళ్లు ఎటు పోతాయో అడిగితే తెల్లమొహం వేస్తారు. అందుకే ఈసారి మన ఊరి నుంచే మొదలుపెట్టాను. హంద్రి ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది, ఆ నీళ్లు సంగమేశ్వరం దగ్గర కృష్ణలోకి చేరతాయి. 2009 వరద సంగతి ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు కాబట్టి ఇది వెంటనే ఎక్కింది.

అప్పుడు ఒక పాప అడిగింది: "సార్, ఓర్వకల్లు మనకు ఇంత దగ్గర కదా, అక్కడ పుట్టిన కుందూ హంద్రిలోకి రాకుండా నంద్యాల మీదుగా కడప జిల్లాకు పోయి పెన్నలో ఎందుకు కలుస్తుంది?" రెండింటి మధ్య నేల ఎత్తుగా ఉంటుందని చెప్పాను. "ఆ ఎత్తు చూపించండి సార్" అంది. చూపించలేకపోయాను, చాలా బాధేసింది.

అనంతపురంలోనూ ఇంతే. వేదవతి, పెన్న రెండూ కర్ణాటక నుంచి ఉత్తరానికే వస్తాయి. వేదవతి తుంగభద్రలో కలిస్తే, పెన్న పామిడి దాటాక తూర్పుకు తిరుగుతుంది.

ఆ గట్టు ఏ ఊళ్ల మీదుగా పోతుందో తెలిసినవాళ్లు చెప్పండి. బస్సులో తీసుకెళ్లి చూపించేలా ఉంటే ఇంకా మంచిది. ఎత్తులు గీతలతో చూపే మ్యాపు తెలుగులో ఎక్కడ దొరుకుతుంది?